పాటకు కూలి అడిగితే తప్పా, అప్పా?

పాఠకురాలి ఉత్తరం:

అప్పకు (అక్కకు) వందనాలు. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నా వయసు 25. మా తెలుగు క్రైస్తవ సంఘంలో తాతయ్య లెగ్ హార్మోనియం (కాళ్ళతో తొక్కి వాయించేది) వాయించేవారు. ఆయన పోయాక 11 ఏళ్ళుగా ఆదివారం ఆరాధనకు నేనే కీబోర్డు వాయిస్తున్నాను. రెండో ఆదివారం మధ్యాహ్నం కాశీనగర్ వైపు ఒక పల్లె సంఘానికి కూడా వెళ్తాను. సాయంత్రాలు ఇంటి దగ్గర 14 మంది పిల్లలకు కీబోర్డు, పాట నేర్పుతాను. ఒక్కొక్కరికి నెలకు 300. నలుగురు ఇవ్వరు. సంఘం నుంచి క్రిస్మస్‌కు ఒక చీర, 1,000 రూపాయలు వస్తాయి. పోయిన నెల కమిటీలో పల్లెకు వెళ్ళే ఆటో చార్జీ ఇప్పించమని అడిగాను. ఒక పెద్దాయన అందరి ముందూ "దేవుని సేవకు కూడా రేటు కడుతున్నావా అమ్మా" అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. ఏడుపొచ్చి లేచి వచ్చేశాను. తర్వాత రెండు ఆదివారాలు వెళ్ళలేదు. ఒక అబ్బాయి ఫోన్లో ట్రాక్ పెట్టి పాటలు నడిపించాడట, బాగానే ఉందన్నారట. నాన్న విశాఖపట్నంలో బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్ ఉద్యోగం చూశారు, జీతం 13,000. ఇంట్లో మూలనున్న తాతయ్య హార్మోనియం కూడా అమ్మేద్దామంటున్నారు. తిత్లీ తుపానులో తడిసినప్పటి నుంచి అది సరిగా మోగడం లేదు. నేను అడగడం తప్పా అప్పా? ఈ పనిమీద బతకగలనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

సమాధానం:

చెల్లీ, తప్పు కాదు. ఆ మాట ముందు చెప్పేస్తున్నాను, ఈ రాత్రయినా నిద్రపోతావని.

అసలు నువ్వు అడిగింది జీతం కూడా కాదు. సంఘం పనిమీద వెళ్ళి నీ చేతి నుంచి పెట్టిన డబ్బు తిరిగి ఇమ్మన్నావు. గుడికి సున్నం వేసినవాళ్ళకు, మైకు సెట్టు అద్దెకిచ్చినవాళ్ళకు, క్రిస్మస్ పందిరి కట్టినవాళ్ళకు లెక్క చూసి ఇస్తాం. వాళ్ళను ఎవరూ రేటు కడుతున్నావా అని అడగరు. పాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది గాలిలోంచి దానంతటదే వస్తుందనుకుంటారు. ఎందుకంటే వాళ్ళు చూసేది ఆదివారం ఉదయం గంటన్నర మాత్రమే. శనివారం రాత్రి నువ్వు పాటల పుస్తకం ముందేసుకుని కూర్చోవడం, ఏ పాట ఏ స్కేల్లో ఎత్తితే ముసలివాళ్ళ గొంతు అందుకుంటుందో చూసుకోవడం, క్వయిర్లో ఆల్టో (ఆడవాళ్ళ కింది గొంతు వరస) పాడే పిల్లకు ఫోన్లో నాలుగుసార్లు పాడి వినిపించడం వాళ్ళకు కనబడవు. కనబడనిదానికి విలువ కట్టడం ఎవరికైనా కష్టమే. ఆ పెద్దాయనను ఇక్కడితో వదిలేద్దాం. ఆయన మనసులో ఆరాధన అమ్ముకునేది కాదనే భయం ఉండి ఉంటుంది. ఆ భయం నాకూ ఉంది.

కానీ ఆయన బైబిలు చదివే మనిషే అయి ఉంటారు కదా. నెహెమ్యా గ్రంథం 13వ అధ్యాయం, 10వ వచనం దగ్గర ఒకసారి ఆగమను. మందిర సేవకు ఏర్పడిన లేవీయులకు రావలసిన పాళ్ళు రాకపోతే, సేవ చేసే లేవీయులూ గాయకులూ ఎవరి పొలాలకు వాళ్ళు వెళ్ళిపోయారని అక్కడ ఉంది. అప్పుడు అధిపతిగా ఉన్న నెహెమ్యా గాయకులను తిట్టలేదు. అధికారులను నిలదీశాడు, దేవుని మందిరాన్ని ఎందుకిలా వదిలేశారని. ఆ తర్వాత వెళ్ళిపోయినవాళ్ళను పిలిపించి వాళ్ళ చోట్ల నిలబెట్టాడు. దానికి రెండు అధ్యాయాల ముందు, 11వ అధ్యాయంలో, గాయకులకు ఏ రోజు భాగం ఆ రోజు ఇవ్వాలని రాజు ఆజ్ఞే ఉంది. రెండు ఆదివారాలు వెళ్ళలేదని తప్పు చేసినదానిలా రాశావు. నువ్వు పొలానికి వెళ్ళిన గాయకురాలివి, అంతే.

ఇంకో మనిషి గురించి కూడా చెప్పాలి. జర్మనీలో లైప్‌జిగ్ అనే పట్టణంలో 1723 నుంచి 1750లో చనిపోయేదాకా బాఖ్ అనే సంగీతకర్త చర్చిల సంగీతం చూశాడు, అక్కడి బడిలో పిల్లలకు పాట నేర్పాడు. చేసిన పని చూస్తే నీ పనే. 1730లో ఆయన ఒక పాత స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, ఊళ్ళో గాలి ఆరోగ్యంగా ఉంటే చావులు తగ్గి తన రాబడి పడిపోతుందని, అంతకుముందు ఏడాది సమాధి కార్యక్రమాల మీద వచ్చే డబ్బులో 100 థాలర్లకు (అప్పటి వెండి నాణేలు) పైగా పోయిందని లెక్క చెప్పుకున్నాడు. అదే మనిషి తన రచనల్లో ఎన్నిటికో చివర 'దేవునికి మాత్రమే మహిమ' అని అర్థమొచ్చే మూడు లాటిన్ అక్షరాలు రాసేవాడు. మహిమ అని రాసిన చెయ్యీ, థాలర్ల లెక్క రాసిన చెయ్యీ ఒకటే. ఇంటినిండా పిల్లలున్న మనిషి, అన్నం పెట్టాలి కదా.

ఇక నా సంగతి. నేను బరంపురంలో ఒక తెలుగు సంఘంలో 31 ఏళ్ళు వాయించాను. మొదటి తొమ్మిదేళ్ళు ఎవరినీ ఏమీ అడగలేదు. అడగకపోవడమే భక్తి అనుకున్నాను. ఒక ఏడాది శ్రమల వారంలో నాకు జ్వరం. మట్టల ఆదివారం నుంచి ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధన దాకా ఏడుసార్లు వాయించాను. ఈస్టర్ రోజు అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పారు, పువ్వులు తెచ్చినవాళ్ళతో సహా. నా పేరు మర్చిపోయారు. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ తర్వాత కొన్ని నెలలకు మెట్ల దగ్గర ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, ఈమధ్య పాటలు పరుగెత్తుతున్నాయి, నాకు ఊపిరి అందడం లేదు" అంది. అప్పుడు తెలిసింది నాకు. నా మనసులోని కోపం వేళ్ళలోకి దిగింది. చరణం చివర ఆగాల్సిన చోట ఆగడం మానేశాను. తొందరగా అయిపోతే ఇంటికి పోవచ్చని వాయిస్తున్నాను.

నేను అడగడం మొదలుపెట్టింది ఆ ముసలమ్మ కోసమే. లోపల లెక్క తేలనప్పుడు అది పాటలోకి వస్తుంది. నువ్వు అడిగి మంచిపని చేశావు, చెల్లీ. అడిగిన పద్ధతి మాత్రం మార్చుకోవాలి.

కమిటీ మీటింగులో నోటితో అడగవద్దు. పదిమంది ముందు డబ్బు మాట వస్తే ఎవరో ఒకరు పెద్దరికం చూపించుకోవాల్సి వస్తుంది. ముందు అయ్యగారి (పాస్టరుగారి) ఇంటికి వెళ్ళు, అమ్మగారు కూడా ఉన్నప్పుడు. నువ్వు వారంలో ఏ రోజు ఏ పని చేస్తావో ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్ళు. పేజీ దాటవద్దు. సంవత్సరం లెక్కలు కట్టి కొత్త బడ్జెట్ వేసేముందు ఆ కాగితం కోశాధికారికి చేరాలి. బడ్జెట్ అయిపోయాక అడిగితే ఇవ్వాలనున్నా ఇవ్వలేరు. అందులో ఆటో చార్జీ వేరే లైను, నెలనెలా గౌరవ వేతనం వేరే లైను. రెండూ కలపవద్దు, కలిపితే చార్జీలు ఇచ్చి జీతం ఇచ్చామంటారు. మీ సంఘం ఎంత పెద్దదో నాకు తెలియదు కాబట్టి అంకె నువ్వే వేసుకో. నేనైతే 2,500 అడిగి, 1,500 ఇస్తామంటే సంతోషంగా తీసుకుని, ఏడాది తర్వాత మళ్ళీ అదే కాగితం పట్టుకెళ్ళేదాన్ని.

పెళ్ళిళ్ళకు మాత్రం ఒక మొత్తం ముందే అనుకుని, అది ఆఫీసులోనే కట్టేలా చూడు. పెళ్ళివారు పందిట్లో చేతిలో పెట్టే కవరు నీకూ ఇబ్బంది, వాళ్ళకూ ఇబ్బంది. ఒకసారి ఒక ఇంట్లో నాకు ఇస్తామన్నదాంట్లో సగం ఇచ్చి, మిగతాది వంటవాడి ఖాతాలో పోయిందన్నారు. అప్పటి నుంచే ఈ పద్ధతి పెట్టుకున్నాను. సమాధి కార్యక్రమానికి పైసా తీసుకోవద్దు. ఇది నియమం కాదు, నా ఇష్టం. చావింటికి హార్మోనియం మోసుకెళ్ళి కూర్చున్న రోజుల్లో నాకు ఆ ఊరు చాలా దగ్గరైంది.

ఒకవేళ ఇవ్వలేమనే అన్నారనుకో. అలగవద్దు, మానేయవద్దు. పని తగ్గించు. నెలలో రెండు ఆదివారాలు నేను, మిగతా రెండు నేను తయారుచేసిన పిల్లలు వాయిస్తారని చెప్పు. వాయించిన రెండు ఆదివారాలూ మునుపటికంటే బాగా వాయించు.

ఇప్పుడు ఆ ట్రాకు సంగతి. నిన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదేనని ఉత్తరం చదివితే తెలుస్తోంది. బాగానే ఉందన్నారు కదా. రెండు వారాలు బాగానే ఉంటుంది. ఆ తర్వాత ఏమవుతుందో చెప్తాను. ట్రాకు ఆగదు. చరణం చివర నలుగురు ముసలివాళ్ళు రాగం తీస్తూ ఉంటే, అది రెండో చరణంలోకి వెళ్ళిపోతుంది. రెండుసార్లు వెనకబడ్డవాళ్ళు మూడోసారి నోరు తెరవరు. నెమ్మదిగా పాట మైకు పట్టుకున్నవాళ్ళదైపోతుంది, మిగతావాళ్ళు చూస్తూ నిలబడతారు. నీ పని కీబోర్డు వాయించడం అనుకుంటున్నావేమో. నీ పని ఆ గుడిలో కూర్చున్న ప్రతి గొంతూ కదిలేలా చెయ్యడం. పాట మధ్యలో ఒక చరణానికి చేతులు కీబోర్డు మెట్ల మీద నుంచి తీసి చూడు. సంఘం నీ అండ లేకుండా పాడుకుంటూ పోతే, నువ్వు బాగా వాయిస్తున్నట్టు.

ఇంకొకటి, మన కీర్తనలతో వచ్చేది. మీ పర్లాకిమిడి ప్రాంతంతో గట్టి బంధం ఉన్న పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) మొదలు, తొలినాటి తెలుగు క్రైస్తవ కవులు పాటలను మన రాగాల్లో, మన తాళాల్లో కట్టారు. అందుకే కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. మనలో చాలామంది ఆ లైను చదవరు. నువ్వు చదువు. త్రిపుట అనో చాపు అనో ఉన్న పాటను కీబోర్డులో నాలుగు దెబ్బల స్టైల్ (దానంతటదే మోగే తాళం) నొక్కి వాయిస్తే ఏమవుతుంది? తకిట తకధిమి అని ఏడు లెక్కలు నడవాల్సిన పాట ఎనిమిదికి సాగుతుంది. ఆ మిగిలిన ఒక్క లెక్కలో ఏం చెయ్యాలో తెలియక జనం మాటను సాగదీస్తారు. పాత పాటలు లాగుతున్నాయి, కుర్రాళ్ళకు నచ్చడం లేదు అంటారు కదా, చాలాసార్లు తప్పు పాటది కాదు. కట్టిన నడక విరిచేశాం. స్టైల్ ఆపేసి, ఒక కంజీరో తబలానో పెట్టి, ఏడు లెక్కలకు వాయించి చూడు. నీ పిల్లలే ఎగిరి పాడతారు.

కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి నొక్కడం) కూడా అంతే. శంకరాభరణం రాగంలో కట్టిన పాటకు మేజర్ స్కేలు కార్డ్స్ హాయిగా కూర్చుంటాయి, కీరవాణికి హార్మోనిక్ మైనర్ సరిపోతుంది. కానీ గమకం (స్వరాన్ని ఊపి పలకడం) మీద నడిచే కీర్తనకు ప్రతి అక్షరానికీ కార్డు వేస్తే గొంతులో ఉన్న ఊగు చచ్చిపోతుంది. అక్కడ ఎడమచేత్తో స, ప మాత్రం పట్టుకుని, కుడిచేత్తో పాట వరసను పలచగా వాయించు. మిగతాది జనం గొంతుకు వదిలెయ్యి. హార్మోనియం గమకం పలకదనే కారణం కూడా చెప్పి ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని దగ్గరికి రానివ్వలేదు. వాళ్ళు చెప్పిన లోపం నిజమే. మన నాటకాల్లో, భజనల్లో, గుళ్ళలో మాత్రం ఆ పెట్టె ఒక్కరోజు కూడా ఆగలేదు. గొంతు చేయాల్సిన పని గొంతుకు వదిలిపెట్టి, శ్రుతి పట్టుకుని పక్కన నిలబడటం మనవాళ్ళకు తెలుసు.

ట్రాకు పెట్టిన ఆ అబ్బాయిని పరాయివాడిని చేసుకోవద్దు. నువ్వు రాని రోజున సంఘం పాట లేకుండా ఉండకూడదని చేతనైనది చేశాడు. ఈ ఆదివారం వెళ్ళి నీ పక్కన కూర్చోబెట్టుకో. మైకులు, సౌండ్ అతనికి అప్పగించు.

బతుకు సంగతికి వస్తాను. సంఘం ఇచ్చే డబ్బుతో బతకలేవు. ఇచ్చినా బతకకూడదు. ఇల్లు నడవడానికి అదే ఆధారమైతే, పాట గురించి ఒక నిజం చెప్పాల్సి వచ్చినప్పుడు నోరు లేవదు. నీ అన్నం నేర్పడం మీద నిలబడాలి. ఇప్పుడు పదిమంది ఇస్తే 3,000. దాన్ని చూసి నాన్నగారు భయపడటంలో న్యాయం ఉంది. కానీ 300 అనే అంకె ఎవరు పెట్టారు? నువ్వే, మొహమాటపడి. లెక్కల ట్యూషన్‌కు మీ వీధిలో ఎంత తీసుకుంటున్నారో కనుక్కో. దానికి తగ్గకుండా పెట్టు, నెల మొదట్లోనే తీసుకో, నెలకు ఎన్ని క్లాసులో చెప్పు. ఇద్దరు ముగ్గురు మానేస్తారు. మానేయనీ.

డబ్బివ్వని నలుగురిలో ఇవ్వలేనివాళ్ళెవరో, ఇవ్వనివాళ్ళెవరో నీకు తెలుసు. ఇవ్వలేని పిల్లను నువ్వు వదులుకోవద్దు, ఆ సంగతి మిగతా పిల్లలకు తెలియనివ్వద్దు. నా దగ్గర ఒకావిడ కూతురికి ఫీజు బదులు వారానికోసారి చేపలు తెచ్చేది, గోపాలపూర్ నుంచి తాజావి. ఎన్నేళ్ళు తిన్నామో. ఆ పిల్ల ఇప్పుడు తన ఊళ్ళో క్వయిర్ నడుపుతోంది. ఇవ్వగలిగీ ఇవ్వనివాళ్ళకు మాత్రం ఒక్క మాట, ఒక్కసారి, మర్యాదగా చెప్పు.

పిల్లలు ఎక్కువమంది కావాలంటే నీ దగ్గర ఇంకెక్కడా లేనిది ఒకటి ఉండాలి. ఉంది కూడా, నువ్వు చూసుకోలేదు. 1936లో రాష్ట్రాల గీత గీసినప్పుడు పర్లాకిమిడి ఇటు, పక్కనే ఉన్న పాతపట్నం అటు పడ్డాయి. మన పిల్లలు బడిలో ఒరియా చదువుతారు, ఇంగ్లీషు చదువుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవమంటే తడబడతారు. బరంపురంలో నా క్లాసుకు వచ్చిన పిల్లల్లో సగం మంది పాట సాహిత్యాన్ని ఒరియా అక్షరాల్లో రాసుకునేవారు. మొదట నేనూ చూసీచూడనట్టు ఊరుకున్నాను. తర్వాత క్లాసులో మొదటి పావుగంట తెలుగు అక్షరాలకు పెట్టాను. పలక, సుద్దముక్క, ఒక పాట పల్లవి. పల్లవిలో వచ్చే అక్షరాలే ఆ వారం పాఠం. పాట నోటికి వచ్చేసి ఉంటుంది కాబట్టి కన్ను అక్షరాన్ని సులువుగా పట్టుకుంటుంది. ఏడాది తిరిగేసరికి పిల్లలు పుస్తకం చూసి చదువుతున్నారు. అది చూసి, గుడితో సంబంధం లేని ఇళ్ళ నుంచి కూడా పిల్లలను పంపారు. ఒక నాయనమ్మ అయితే పాట రాకపోయినా ఫరవాలేదు, మనవడు నాకు ఉత్తరం రాస్తే చాలంది. నీ ఊళ్ళో ఈ అవసరం ఇంకా ఎక్కువ. ఇంటి ముందు బోర్డు మీద కీబోర్డు, పాట అని రాయించి, కింద తెలుగు చదవడం అని కూడా రాయించు.

వేరే మతాల పిల్లలు వస్తే ఆ క్లాసులో మన పాటలు తప్పనిసరి చేయవద్దు. సరళీ స్వరాలు, జంట స్వరాలతో మొదలుపెట్టు. మాయామాళవగౌళ రాగంలో వాయించేటప్పుడు నల్లమెట్లు రెండు వస్తాయి, వేళ్ళకు మంచి సాధన. అదే వరసను పక్కనే స్టాఫ్ నొటేషన్‌లో (పాశ్చాత్య స్వరలిపి) రాసి చూపించు. పిల్లకు రెండు లిపులూ ఒకేసారి వస్తాయి, ఏదీ పరాయిదనిపించదు. నీ దగ్గరకు సవర గిరిజన పిల్లలు ఎవరైనా వస్తే, నువ్వు పాట నేర్పేముందు వాళ్ళ పాట ఒకటి వాళ్ళ దగ్గర నేర్చుకో. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) మీ ఊరి బడిలో మాష్టరీ చేస్తూ సవర నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాళ్ళ భాషలో పుస్తకాలు రాశారు. ఆ ఊరి టీచరువి నువ్వు.

నీకు చేతిలో ఒక సర్టిఫికెట్ కావాలి. వాయించడం రాకపోతే కాదు, ప్రైవేటు బడులు కాగితం అడుగుతాయి కాబట్టి. లండన్ ట్రినిటీ కాలేజీ పరీక్షలు ఇనీషియల్ నుంచి 8వ గ్రేడ్ దాకా ఉంటాయి, కీబోర్డుకు విడిగా ఉన్నాయి. నీకు 11 ఏళ్ళ అనుభవం ఉంది కాబట్టి ఒకటో గ్రేడ్ నుంచి వరసగా రానక్కర్లేదు, పైదానికే నేరుగా కట్టొచ్చు. సిలబస్ చూసుకుని ఐదో గ్రేడ్ ప్రయత్నించు. అది చేతికొస్తే, వారానికి రెండు రోజులు ఏదైనా ఇంగ్లీషు మీడియం బడిలో సంగీతం చెప్పడానికి వెళ్ళొచ్చు. ఇంటి క్లాసులు, బడి, సంఘం మూడూ కలిస్తే ఇల్లు నడుస్తుంది. నేను అలాగే నడిపాను, గొప్పగా కాదు, అప్పు లేకుండా.

విశాఖపట్నం ఉద్యోగం గురించి నాన్నగారితో గొడవపడవద్దు. ఆయన దగ్గర కూర్చుని ఆ 13,000లో హాస్టలుకు ఎంత, తిండికి ఎంత, సిటీ బస్సుకు ఎంత, ఊరికి వచ్చిపోవడానికి ఎంత అని ఆయన చేతే రాయించు. మిగిలేది ఎంతో ఆయనే చూస్తారు. ఇంకొకటి ఆయనకు తట్టి ఉండదు. బట్టల షాపులో ఆదివారమే బేరం ఎక్కువ. సెలవు ఏ మంగళవారమో ఇస్తారు. అంటే ఆ ఉద్యోగంలో చేరిన రోజే నీ ఆదివారాలు పోతాయి. పోయినా ఫరవాలేదని నీకు అనిపిస్తే వెళ్ళు, చెల్లీ, దానిలో తప్పు లేదు, నిన్ను ఎవరూ వేలెత్తి చూపకూడదు. వద్దనిపిస్తే నాన్నగారిని ఒక ఏడాది గడువు అడుగు. నెలకు ఇంత సంపాదించి చూపిస్తానని ఒక అంకె చెప్పు. ఆ అంకె క్యాలెండర్ మీద రాసిపెట్టు, నెలనెలా కింద నీ రాబడి వెయ్యి. పెళ్ళి మాటలు కూడా నడుస్తూ ఉంటాయి, నువ్వు రాయకపోయినా నాకు తెలుసు. వచ్చినవాళ్ళు అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే 'చర్చిలో వాయిస్తుంది' అనకుండా, 'సంగీతం టీచరు' అని చెప్పమను. నువ్వు చేస్తున్న పనికి అదే సరైన పేరు.

హార్మోనియం అమ్మవద్దు. పాత సామానుకు ఇస్తే చెక్క ధర కూడా రాదు. తిత్లీ వచ్చింది 2018 అక్టోబరులో. ఇన్నేళ్ళు తడి పీల్చి, ఎండి, మళ్ళీ పీల్చింది కాబట్టి చెక్క ఉబ్బి మెట్లు పట్టేసి ఉంటాయి, తిత్తి (గాలి ఊదే సంచి) గుడ్డ పెళుసెక్కి ఉంటుంది. ఇత్తడి రీడ్లకు (గాలికి మోగే నాలుకలకు) మాత్రం తేమతో అంత తొందరగా చావు రాదు. చాలావరకు చిలుము, దుమ్ము. వర్షాలు పోయాక పొడి గాలి ఉన్న రోజు చూసి వెనక పలక విప్పు. ఏ రీడు ఏ గదిలో ఉందో ముందు ఫోన్లో ఫొటో తీసుకో, తర్వాతే కదిలించు. మెత్తని బ్రష్‌తో దుమ్ము తీయి. నీళ్ళు వద్దు, నూనె అసలే వద్దు. రీడు నాలుక కింద సన్నని కాగితం పెట్టి మెల్లగా లాగితే ఇరుక్కున్న మట్టి వస్తుంది. శ్రుతి తప్పిందని మాత్రం గీకడం మొదలుపెట్టవద్దు. కొస దగ్గర గీకితే శ్రుతి పైకి పోతుంది, మొదట్లో గీకితే కిందికి దిగుతుంది. ఎంత గీకాలో చెయ్యి తిరిగినవాళ్ళకే తెలుసు, ఒకసారి పోయిన ఇత్తడి తిరిగి రాదు. తిత్తికి ఎలకలు పెట్టిన కన్నాలు ఉంటే తాత్కాలికంగా పలచని తోలు ముక్క అతికించు. బాగయ్యాక కిటికీ పక్కన పెట్టకు, వారానికి ఒక్కసారైనా పది నిమిషాలు తొక్కు.

కరెంటు పోయిన రోజు నీ కీబోర్డు మూగబోతుంది కదా. మీ తాతయ్య పెట్టెకు రెండు కాళ్ళు చాలు.

ఆదివారం వెళ్ళిరా. హార్మోనియం విప్పినప్పుడు ఎడమవైపు నుంచి ఒక్కొక్క మెట్టూ నొక్కి, మోగనివి ఎన్నో, మోగీ బుస కొట్టేవి ఎన్నో విడివిడిగా రాసి పంపు. బుస కొడితే గాలి ఎక్కడో పోతోంది. అసలు మోగకపోతే రీడు పట్టేసింది. రెండిటికీ మందు వేరు. చూసి చెప్తాను.